యూఎస్‌బీ ఫ్యాన్ కొనాలా, కట్టుకోవాలా? ముందు మీ చార్జర్ మీద ఏం రాసుందో చదవండి

మాది పల్నాడు, రెంటచింతలకి దగ్గర్లోనే. ఎండాకాలం టీవీలో ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు మా పక్కూరి పేరు ముందు వరసలో వస్తుంది, మాకున్న పేరు ప్రఖ్యాతులు అవే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, మా మేడ మీద గదిలో కూర్చుంటే రోలు ఏం ఖర్మ మనిషే పగిలిపోతాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే సీలింగ్ ఫ్యాన్ స్లాబ్ వేడంతా తెచ్చి నెత్తిన పోసేది, కరెంటు పోతే అదీ ఉండేది కాదు, ఇన్వర్టర్ ఉంది గానీ దాని బ్యాటరీ ముసలిదైపోయి అరగంటకే కీచుమని అరిచేది. అలా మొదలైంది నాకీ యూఎస్‌బీ ఫ్యాన్ల పిచ్చి. రెండు ఎండాకాలాల్లో కొన్నవి నాలుగు, కట్టినవి మూడు, కాల్చింది ఒకటి. ఇప్పుడు ఎవరైనా "లాప్‌టాప్‌కి పెట్టుకునే ఫ్యాన్, గాలి గట్టిగా రావాలి, ఏది కొనమంటావ్" అని అడిగితే నేను ఫ్యాన్ పేరు చెప్పను, నీ దగ్గరున్న చార్జర్ తిప్పి దాని మీద చీమ తలకాయంత అక్షరాలతో అవుట్‌పుట్ అని రాసుంటుంది చూడు, అది చదివి చెప్పు అంటా.

ఎందుకంటే గాలి వచ్చేది వాట్లలోంచి. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 5 వోల్టుల్లో 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. లోపల నీలం రంగు ప్లాస్టిక్ కనిపించే 3.0 పోర్ట్ అయితే 900 మిల్లీ ఆంపియర్లు, నాలుగున్నర వాట్లు. మన ఇంట్లో మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తింటుంది, ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ రకం, అంటే బ్రష్ లేని డీసీ మోటారుది, 28 నుంచి 35. మరి రెండున్నర వాట్లతో "తుఫాను గాలి" అని డబ్బా మీద రాస్తే నమ్మేదెలా, చెంచాడు పెరుగుతో ఊరంతటికీ మజ్జిగ చిలుకుతాననడమే అది.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది, ఇది అర్థమైతే సగం డబ్బులు మిగులుతాయి. ఒకే ఫ్యాన్‌ని రెట్టింపు స్పీడుతో తిప్పాలంటే కరెంటు రెట్టింపు సరిపోదు, ఎనిమిది రెట్లు కావాలి. స్పీడు ఎంత పెరిగితే దాని ఘనం లెక్కన వాట్లు పెరుగుతాయి, రెండు ఇంటు రెండు ఇంటు రెండు. అంటే లాప్‌టాప్ పోర్ట్ రెండున్నర వాట్ల నుంచి 20 వాట్ల చార్జర్‌కి మారినా అదే సైజు రెక్కతో మీకొచ్చేది రెండింతల స్పీడే, మోత మాత్రం మిక్సీ మోత. అదే వాట్లు పెంచకుండా రెక్క వెడల్పు రెట్టింపు చేస్తే కదిలే గాలి రెండున్నర రెట్లు అవుద్ది, కొంచెం నెమ్మదిగా వస్తుంది గానీ వెడల్పుగా వస్తుంది, దూరం వస్తుంది. చిన్న ఫ్యాన్ ముక్కుకి ఆనించి పెడితే బ్రహ్మాండం, మూడడుగులు వెనక్కి జరిగితే ఏమీ లేదు, పెద్ద రెక్క దానికి రివర్స్. నేను పరీక్ష పెట్టేది న్యూస్ పేపర్ అంచు చించి దారం కట్టి కుర్చీ దగ్గర వేలాడదీసి, టేబుల్ మీద ఫ్యాన్ పెట్టి ఆ ముక్క ఎంత వాలిందో చూడటం, పరికరాలేం అక్కర్లేదు, డబ్బా మీది అంకెల కన్నా ఆ పేపర్ ముక్క నిజం చెప్తుంది.

సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, అన్ని చోట్లా దొరికే నాలుగంగుళాల ఫ్యాన్, సెల్ షాపుల్లో తోరణాల్లా వేలాడుతుంటాయి, రెండొందల నుంచి నాలుగొందలు. నేను కొన్న మొదటి దాని డబ్బా మీద టర్బో అనీ 10 వాట్లు అనీ ఉంది. యూఎస్‌బీ టెస్టర్ అని చిన్న మీటరు ఉంటుంది, పోర్ట్‌కీ కేబుల్‌కీ మధ్యలో పెడితే వోల్టేజీ, ఆంపియర్లు చూపిస్తుంది, అది పెట్టి చూస్తే ఫుల్ స్పీడులో 0.48 ఆంపియర్లు. రెండున్నర వాట్లు కూడా నిండలేదు! ఏ కంపెనీయో చెప్పను, అసలు చాలావాటికి కంపెనీ పేరే ఉండదు. వీటి లోపల ఎక్కువగా బ్రష్ మోటార్లు ఉంటాయి, బొమ్మ కార్లలో ఉండే రకం, ఒక సీజను బాగానే తిరుగుతాయి తర్వాత బ్రష్‌లు అరిగి గురగుర మొదలవుద్ది. పైగా ఈ మోటారు లాప్‌టాప్‌కే తగిలిస్తే ఒక్కోసారి పక్క పోర్ట్‌లో మౌస్ కూడా డిస్‌కనెక్ట్ అయ్యి మళ్ళీ కనెక్ట్ అవుతా ఉంటుంది. అయినా ఇది పనికిరాదని అనను, పరీక్షలకి చదువుకునే పిల్లలు హాస్టల్లో మంచం మీద మొహానికి అడుగు దూరంలో పెట్టుకోవడానికి ఇది చాలు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

రెండోది రీచార్జబుల్. క్లిప్‌తో వచ్చేవి, లోపల లిథియం సెల్ ఉండేవి, బజాజ్ పిగ్మీ మినీ లాంటివి, అది 110 మిల్లీమీటర్ల రెక్క, యూఎస్‌బీతో చార్జింగ్. వీటి ప్లస్ ఏంటంటే ఫ్యాన్‌కి కావాల్సిన కరెంటు సెల్ ఇస్తుంది, పోర్ట్ మెల్లగా నింపుతా ఉంటుంది, కాబట్టి పోర్ట్ బలహీనమైనా కాసేపు గట్టిగా తిరుగుద్ది. మైనస్ కూడా అదే, నాలుగు గంటలని రాసింది ఏ స్పీడు మీదో చూసుకోవాలి, ఫుల్ స్పీడు మీదా, ఒకటో నంబరు మీదా? ఇంకో తిరకాసు, కొన్ని రకాలు చార్జింగ్ పెట్టి వాడితే తినేది ఎక్కువ నిండేది తక్కువ అయ్యి చివరికి రెండూ చెడతాయి, కొనేముందు రివ్యూల్లో ఈ ఒక్క ముక్క వెతకండి. రెండు మూడేళ్ళకి సెల్ చచ్చిపోద్ది, అది 18650 అనే గొట్టంలాంటి లిథియం సెల్ అయ్యి మరలు విప్పి మార్చుకునేలా ఉంటే సంతోషం, అతికించేసి ఉంటే పారేయడమే. సెల్ ఉబ్బిందంటే ఇక దాన్ని చార్జింగ్‌కి పెట్టొద్దు. బస్సులో, పెళ్ళి భోజనాల దగ్గర, కరెంటు పోయినప్పుడు వంటింట్లో అమ్మకి, వీటికి ఇదే బెస్ట్, ఎనిమిది గంటలు డెస్క్ దగ్గర కూర్చునేవాడికి కాదు.

మూడోది నాకు ఇష్టమైంది, కంప్యూటర్ క్యాబినెట్ ఫ్యాన్‌ని టేబుల్ ఫ్యాన్ చేయడం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, బ్రష్ లేని మోటారు, బేరింగ్ మంచిదైతే ఏళ్ళ తరబడి రోజంతా తిరిగేలా చేసిన సరుకు, మోత తక్కువ. కానీ ఇవి 12 వోల్టులవి, మన పోర్ట్ ఇచ్చేది 5. చాలామంది ఎర్ర వైరు ఎర్రదానికి, నల్ల వైరు నల్లదానికి కలిపేసి "తిరుగుతోంది గానీ గాలి లేదు" అంటారు. 5 వోల్టుల్లో అది సగం స్పీడు కూడా అందుకోదు, కొన్నయితే అసలు కదలవు, వేలితో నెడితే గానీ.

దీనికి రెండు దారులు. సుఖమైన దారి బూస్ట్ కేబుల్, కరెంటు పోయినప్పుడు వైఫై రౌటర్‌ని పవర్ బ్యాంక్‌తో నడుపుకోడానికి అమ్ముతారు, ఒకవైపు యూఎస్‌బీ, ఇంకోవైపు రౌటర్ పిన్ను, మధ్యలో చిన్న ఉబ్బు ఉంటుంది, 5 వోల్టుల్ని 12 చేసేది అదే. 9 వోల్టులవి కూడా అచ్చం అలాగే ఉంటాయి కాబట్టి చూసి అడిగి తీసుకోండి. రెండో దారి ఎంటీ3608 అనే బుల్లి బోర్డు, యాభై వంద రూపాయల్లో వస్తుంది, గోరంత ఉంటుంది, టంకం వేయడం వచ్చినవాళ్ళకి. హైదరాబాద్ వాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీలో ఈ బోర్డులు, ఫ్యాన్లు పార్క్ లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో, రెండూ ఒక పూటలో అయిపోయే పని. మా బోటి ఊళ్ళవాళ్ళకి ఆన్‌లైనే గతి.

ఈ బోర్డు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను కాల్చింది ఇక్కడే. దాని మీద నీలం రంగు డబ్బీ, దాని మూల ఇత్తడి మర ఒకటి ఉంటుంది, ఆవగింజ కన్నా కాస్త పెద్దది, అది తిప్పితే అవుట్‌పుట్ వోల్టేజీ మారాలి. నేను తిప్పాను, మారలేదు. ఐదు చుట్లు, ఎనిమిది చుట్లు, మల్టీమీటరు మీద అంకె అక్కడే. బోర్డు పోయిందేమో అనుకున్నా, సరే ఫ్యాన్ పెట్టేసి చూద్దామని పెట్టి ఇంకా తిప్పుతా ఉన్నా, పదిహేనో చుట్టు దగ్గరేమో ఒక్కసారిగా వోల్టేజీ లేచింది, ఫ్యాన్ ఈల వేసినట్టు గుయ్యిమని సన్నగా పొగ వాసన, అంతే. ఇది 28 వోల్టుల దాకా లేపగలదు, 12 వోల్టుల ఫ్యాన్ ఎంతసేపు ఓర్చుకుంటుంది? తప్పు నాదే. ఆ మర ఎడమవైపుకి చాలా చుట్లు తిప్పితే గానీ మార్పు మొదలవదు, కొత్త బోర్డులన్నీ దాదాపు అంతే, కాబట్టి ఫ్యాన్ తగిలించకుండా మీటరు పెట్టి 12కి సెట్ చేసుకుని, మర మీద చుక్క గోళ్ళ రంగు వేసి కదలకుండా చేసి, ఆ తర్వాతే ఫ్యాన్.

వైర్ల విషయం. ఫ్యాన్ కనెక్టర్‌లో మొదటి పిన్ను గ్రౌండ్, రెండోది 12 వోల్టులు, మూడోది స్పీడు చెప్పే వైరు, నాలుగోది ఉంటే స్పీడు కంట్రోల్ చేసేది. మనకి మొదటి రెండే చాలు, మిగతావి వదిలేస్తే ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుద్ది. ఇప్పుడు ఫ్యాన్లన్నీ నల్ల వైర్లతో వస్తున్నాయి కాబట్టి రంగు చూసి కాదు పిన్ను లెక్క చూసి కలపండి. యూఎస్‌బీ కేబుల్‌లో ఎరుపు ప్లస్, నలుపు మైనస్, తెలుపు ఆకుపచ్చ డేటావి. చవక కేబుళ్ళలో రంగులు కూడా తారుమారై ఉంటాయి, ఒకసారి మీటరుతో చూసుకుంటే పోయేదేం లేదు.

ఏ ఫ్యాన్ అంటే, ఆర్కటిక్ పీ12 నిమిషానికి 1800 చుట్లు, 56 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల) గాలి అని కంపెనీ లెక్క, తినేది ఒక వాట్ చిల్లర, అంటే బూస్ట్ కేబుల్ నష్టాలు కలుపుకున్నా పాత 2.0 పోర్ట్ కూడా దీన్ని ఆడుతూ పాడుతూ మోస్తుంది. పీ14 అయితే 140 మిల్లీమీటర్లు, 1700 చుట్లు, 72 దాటి, ధరలో పెద్ద తేడా లేదు కాబట్టి నా ఓటు దీనికే, రెక్క పెద్దది అన్న పాయింటు గుర్తుంది గదా. ఇంకా గట్టిగా కావాలి, డబ్బుంది అంటే నాక్టువా వాళ్ళది ఇండస్ట్రియల్ సిరీస్ ఎన్ఎఫ్-ఎఫ్12, 3000 చుట్లది, దాదాపు 110 సీఎఫ్‌ఎం, 3.6 వాట్లు. బూస్ట్ చేసేటప్పుడు పోయేది కలిపితే నాలుగు వాట్ల పైన, అంటే 5 వోల్టుల దగ్గర 0.8 ఆంపియర్లు దాటుద్ది, 3.0 పోర్ట్‌కి బొటాబొటీ సరిపోద్ది, 2.0కి మాత్రం పెట్టొద్దు. మోత 43 డెసిబెల్స్ పైనే, మీటింగ్‌లో మైకు ఆన్ చేస్తే అవతలివాళ్ళు "వర్షం పడుతోందా అక్కడ" అని అడుగుతారు, పల్నాడులో మే నెలలో వర్షం! టంకాలూ కేబుళ్ళూ మాకెందుకు అనేవాళ్ళకి నాక్టువా వాళ్ళదే ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 5 వోల్టుల రకం ఉంది, యూఎస్‌బీ అడాప్టర్ కేబుల్‌తో సహా వస్తుంది, 1900 చుట్లు, పెట్టి వాడుకోవడమే. కాకపోతే ఆ ధరకి మామూలు టేబుల్ ఫ్యానే వచ్చేస్తుంది, అది మీ ఇష్టం.

ఈ అంకెలు చూసి మురిసిపోయే ముందు ఇంకో అంకె. 56 సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఒకటిన్నర ఘనపు మీటర్ల పైచిలుకు. సీలింగ్ ఫ్యాన్ డబ్బా మీద అదే లెక్కలో 210, 220 అని ఉంటుంది. వంద రెట్ల పైన తేడా. క్యాబినెట్ ఫ్యాన్ మీ మొహాన్ని, మెడని ఆరబెడుతుంది, గదిని కాదు, దాన్ని కుర్చీకి రెండడుగుల లోపు పెట్టుకుంటేనే సుఖం. ఇంకోటి, ఈ ఫ్యాన్ల గాలి సుడి తిరుగుతా పక్కలకి చెదిరిపోద్ది, వెనక నిలబెట్టిన రెక్కల్లాంటి పట్టీలున్న రకాలు గాలిని నేరుగా పంపుతాయి, పైన చెప్పిన ఎఫ్12 ఆ రకమే. జాలీ తప్పకుండా పెట్టండి, రెండు వైపులా, నలభై యాభై రూపాయల ఇనప జాలీ. పిల్లలున్న ఇంట్లో జాలీ లేకుండా ఇది టేబుల్ మీద పెట్టొద్దు. స్టాండుకి నేను రెండు ఎల్ క్లాంపులు, ఒక చెక్క ముక్క వాడాను, కింద పాత చెప్పు రబ్బరు ముక్కలు కోసి అతికించాను, అవి లేకపోతే టేబుల్ అంతా వణికి మోత రెట్టింపవుద్ది.

పాత సీపీయూలోంచి ఫ్యాన్ పీకుదాం అనేవాళ్ళు క్యాబినెట్ వెనక ఫ్యాన్ పీక్కోండి, సీపీయూకి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు, ఎనభై రూపాయల ఫ్యాన్ కోసం అది వద్దు. సర్వర్ ఫ్యాన్లు, 38 మిల్లీమీటర్ల మందం ఉండే డెల్టా లాంటివి, గాలి నిజంగానే దుమ్ము లేపేస్తాయి, నేను కోఠిలో ఒకటి పట్టుకుంటే కొట్టు ఆయన "అన్నా, ఇది ఇంట్లో పెడితే వదిన బయటికి పంపుద్ది" అన్నాడు. ఆంపియర్ పైన లాగేవి ఉంటాయి 12 వోల్టుల దగ్గర, ఎంటీ3608 వల్ల కాదు, వేలు తగిలితే తెగుద్ది. టేబుల్ మీదకి వద్దు.

ఇక నాలుగోది. నాకు ముందే ఎవరైనా చెప్పుంటే మిగతావన్నీ కొనేవాణ్ణి కాదు. 12 వోల్టుల డీసీ టేబుల్ ఫ్యాన్. సోలార్ ప్యానెల్ పెట్టుకున్న వాళ్ళకి, పశువుల కొట్టాలకి, లారీ క్యాబిన్లకి అమ్ముతారు, 12 అంగుళాల రెక్క, బీఎల్‌డీసీ మోటారు, 12 నుంచి 18 వాట్ల మధ్యలో. సోలార్ ఫ్యాన్ అని అడిగితే ఇస్తారు, నేను తీసుకున్నప్పుడు పన్నెండొందలు. దీన్ని యూఎస్‌బీతో నడపడం ఎలా అంటే, ఫాస్ట్ చార్జర్లు 5 వోల్టుల దగ్గరే ఆగవు గదా, ఫోను అడిగితే 9, 12 ఇస్తాయి, ఫోను బదులు మనం అడిగే బోర్డు ఉంటుంది, పీడీ (పవర్ డెలివరీ, టైప్-సీ ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి) ట్రిగ్గర్ బోర్డు అంటారు, నూటయాభై రెండొందల్లో దొరుకుద్ది. టైప్-సీ కేబుల్ ఒకవైపు పెడితే అది చార్జర్‌తో మాట్లాడి 12 వోల్టులు ఇప్పించి రెండో వైపు వైర్ల మీదకి పంపుతుంది. బూస్ట్ చేయడాలు లేవు, మధ్యలో వేడి లేదు, 20 వాట్లు చేతికి దొరికినట్టే.

ఇక్కడ ఆ చీమ తలకాయ అక్షరాలు పనికొస్తాయి. చార్జర్ మీద అవుట్‌పుట్ దగ్గర 12 వోల్టులు 1.67 ఆంపియర్లు అని ఉంటే మీ పంట పండినట్టే. అన్నిటికీ ఉండదు. ఆపిల్ 20 వాట్ల అడాప్టర్ 5, 9 దగ్గరే ఆగిపోద్ది, శాంసంగ్ 25 వాట్లది కూడా అంతే, పీడీ కొత్త నియమాల్లో 12 తప్పనిసరి కాదు, 5, 9, 15, 20 ఉంటాయి, 12 ఇవ్వడం ఆ కంపెనీ మంచితనం. పాత క్విక్ చార్జ్ 18 వాట్ల చార్జర్లు, పెద్ద యూఎస్‌బీ కన్నం ఉన్నవి, చాలావాటికి 12 వోల్టులు 1.5 ఆంపియర్ ఉంటుంది, దానికి క్యూసీ ట్రిగ్గర్ వేరే బోర్డు. ఫోన్ కంపెనీల సొంత ఫాస్ట్ చార్జింగ్ ఇటుకలు, 67 అనీ 80 అనీ పెద్ద అంకెలుండేవి, మన బోర్డు అడిగితే 5 వోల్టులు మించి పలక్కపోవచ్చు, అంకె చూసి మోసపోవద్దు. లాప్‌టాప్ టైప్-సీ పోర్ట్‌లు కూడా చాలావరకు బయటికి 5 వోల్టులే ఇస్తాయి, అక్కడ ఇది నడవదు, చార్జర్ గానీ పీడీ పవర్ బ్యాంక్ గానీ ఉండాల్సిందే.

ట్రిగ్గర్ బోర్డుల్లో బటన్ నొక్కితే వోల్టేజీ మారే రకం ఉంది, అది వద్దు, ఎవరో తెలియక నొక్కితే 20 వోల్టులు వెళ్ళి ఫ్యాన్ ఖతం. 12కి ఫిక్స్ చేసింది తీసుకోండి. చార్జర్‌లో 12 లేకపోతే ఈ బోర్డులు చాలావరకు 9 దగ్గర నిలబడతాయి, ఏమిస్తుందో మీటరుతో చూసుకుని పెట్టండి. ఫ్యాన్ ప్లస్ మైనస్ తారుమారైతే బీఎల్‌డీసీ బోర్డు పోద్ది, అది కూడా మీటరు పనే. ఇంకో జాగ్రత్త, సోలార్ ఫ్యాన్లలోనే చవక రకాల్లో 775 మోటారు అని బ్రష్ మోటార్లు వస్తాయి, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, చార్జర్ భయపడి కట్ చేసేస్తుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ కట్, ఫ్యాన్ ఎక్కిళ్ళు పెట్టినట్టు కదిలి ఆగుతా ఉంటుంది. బీఎల్‌డీసీ అని అడిగి తీసుకోండి.

నా లెక్కలో అసలు మజా 12 దగ్గర కాదు, 9 దగ్గర ఉంది. 12 వోల్టుల ఫ్యాన్‌కి 9 ఇస్తే స్పీడు ముప్పావు వంతుకి దగ్గరగా ఉంటుంది, తినేది మాత్రం పైన చెప్పిన ఘనం లెక్క ప్రకారం సగం కన్నా తక్కువకి పడిపోద్ది. నా ఫ్యాన్ 12 దగ్గర 15 వాట్లు, 9 దగ్గర ఆరున్నర చూపించింది. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్ మీద ఇది ఎంత తేడానో చూడండి. 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే ఆ అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్క, 74 వాట్ అవర్లు, నష్టాలు పోను అరవై పైన మిగుల్తాయనుకోండి. 15 వాట్లయితే నాలుగు గంటలు, ఆరున్నరయితే తొమ్మిది పైన, రాత్రి పడుకుంటే తెల్లారిపోద్ది. పడుకునేవాడికి ఆ ముప్పావు స్పీడే హాయి, పైగా గాలి ఆడుతుంటే దోమ కూడా వాలలేదు.

చిన్న క్యాబినెట్ ఫ్యాన్ పవర్ బ్యాంక్ మీద పెట్టేవాళ్ళకి దీనికి ఉల్టా సమస్య, ఫ్యాన్ తినేది మరీ తక్కువైతే పవర్ బ్యాంక్ "ఏమీ తగిలించలేదు" అనుకుని కాసేపటికి ఆగిపోద్ది. కొన్నిటికి తక్కువ కరెంటు మోడ్ ఉంటుంది, ఎంఐ పవర్ బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే ఆన్ అయ్యే రకాలున్నాయి.

కేబుల్ గురించి ఒక్క మాట, దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు. సన్నటి చార్జింగ్ వైరు, రెండు మీటర్లది, ఒక ఆంపియర్ లాగితే దాంట్లోనే 0.8 వోల్టులు పోవచ్చు, 5కి 4.2 చేరుద్ది. మామూలు ఫ్యాన్ అయితే నెమ్మదిగా తిరిగి ఊరుకుంటుంది, బూస్ట్ బోర్డు అలా కాదు, వోల్టేజీ తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుద్ది, వైరు ఇంకా తినేస్తుంది, చివరికి పోర్ట్ చేతులెత్తేస్తుంది. పొట్టి కేబుల్, లావు కేబుల్. 9, 12 వోల్టుల్లో నడిపితే ఆంపియర్లు తక్కువ కాబట్టి ఈ గొడవ కూడా తక్కువే.

మరి ఎవరికి ఏది? ఆఫీసులో డెస్క్, లాప్‌టాప్ పోర్ట్ తప్ప వేరే దిక్కు లేదు, పక్కవాడు విసుక్కోకూడదు అంటే పీ14 ప్లస్ బూస్ట్ కేబుల్, కళ్ళు మూసుకుని. హాస్టల్, పీజీ, మంచం అంచున క్లిప్ పెట్టుకోవాలి, మోసుకు తిరగాలి అంటే రీచార్జబుల్. ఇంట్లో కూర్చుని పని, కరెంటు పోతుంటుంది, గాలి గట్టిగా ఒంటికి తగలాలి అంటే పీడీ చార్జర్, ట్రిగ్గర్, 12 అంగుళాల డీసీ ఫ్యాన్, వేరే మాట లేదు. ఇంట్లో ఇన్వర్టర్ బాగుంటే మాత్రం ఇవేవీ వద్దు, సీలింగ్ ఫ్యాన్ తీసేసి బీఎల్‌డీసీది పెట్టించుకోండి, అదే ఇన్వర్టర్ రెట్టింపు సేపు వస్తుంది, ఈ వైర్ల సర్కస్ అంతా మాలాంటి ముసలి బ్యాటరీ వాళ్ళకి.

ఇంకోటి, ఫ్యాన్ ఎంత గట్టిదైనా గాలిని చల్లబరచదు, చెమటని ఆరబెడుతుంది అంతే. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటికి ఇంకా వేడి ఎక్కిస్తుందని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్తుంది, మా ఊళ్ళో అది మే నెల మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు. ఆ టైంలో నేను ఫ్యాన్ ఆపేసి కింద గదిలోకి దిగిపోతా, తడి తువ్వాలు మెడ మీద వేసుకుని, మజ్జిగ చెంబు పక్కన పెట్టుకుని.

ఇంతకీ ఆ 12 అంగుళాల ఫ్యాన్ ఇప్పుడు నా టేబుల్ మీద లేదు. ఒకరోజు రాత్రి కరెంటు పోయి నాన్న డాబా మీద అటూ ఇటూ దొర్లుతుంటే తెచ్చి ఆయన మంచం పక్కన పెట్టా, "ఏరా, వైరు ఎక్కడికీ పోలేదు, ఎట్టా తిరుగుతోంది ఇది" అని పవర్ బ్యాంక్ ఎత్తి చూశాడు, బరువు చూశాడు, మళ్ళీ దిండు కిందకి తోసేశాడు. వేడెక్కుద్ది నాన్నా దిండు కింద పెట్టకు అని తీసి పక్కన పెట్టాను. పొద్దున లేచేసరికి ఫ్యాన్ ఆయన గదిలో మేకుకి వేలాడుతోంది, నేను మళ్ళీ పీ14 ముందు కూర్చున్నా.